ఏడాది రాయని సీసా

పలమనేరులో ఒక ముసలి దొరసాని ఇంట్లో నాలుగేండ్లు తోడుగా ఉండినాను. ఆమెకు చూపు మందగించింది. ఉత్తరాలు చదివి వినిపించేదాన్ని, మందులిచ్చేదాన్ని. మిషన్ బడిలో నేర్చిన ఇంగ్లీషే ఆ కొలువు తెచ్చిపెట్టింది, అదే నన్ను ఆడ కట్టిపడేసింది. వేలూరులో నర్సు చదువుకు పోతానని ఏటా అడిగేదాన్ని. చలికాలం పోనీ అనేది. అది పోతే ఎండాకాలం పోనీ అనేది. ఆమె సిఫారసు ఉత్తరం రాసిస్తే తప్ప ఆడ నన్ను చేర్చుకోరు. నాయన కూడా ఆమె పక్కే మాట్లాడేవాడు. ఇంత నీడ యాడ దొరుకుతాదమ్మా అనేవాడు.

ఇంగ్లీషువాళ్లు దేశం విడిచిపోయిన ఏడాది, దొరసాని తన పుట్టినరోజున, దాచుకున్న షాంపేన్ సీసా తీయించింది. మద్యనిషేధంతో జిల్లాలో కల్లంగళ్లు మూతబడినా ఆమెకు పర్మిట్టు ఉండింది. అయితే పోయిన వానాకాలం జ్వరంతో ఆమెకు వాసనా రుచీ పోయినాయి. ఒక గుక్క తాగి, గ్లాసు నా చేతికిచ్చి, రుచి చూసి చెప్పమనింది. అంతవరకు నేను మందు ముట్టి ఎరుగను. కాదనలేక తాగినాను.

బాగుందంటే ఊరుకోలేదు, ఏముందో చెప్పమనింది. నాలుక మీద సన్నటి బుడగలు చిటపటమన్నాయి. ముందు నిమ్మతొక్క గిల్లిన వాసన, ఆ వెనక బెంగుళూరు పుల్ల ఆపిలు, చివర అప్పుడే కాల్చిన రొట్టె. పులుపుంది గానీ పళ్లు జివ్వుమనలేదు. తీపుంది గానీ నాలుకకు అంటుకోలేదు. ఏదీ ఇంకోదాన్ని తొక్కి పైకి రాలేదు. అట్లే చెప్పినాను.

ఆమె కండ్లు మూసుకుని తలాడించింది. ద్రాక్ష పండిన ఏడాది ఆ సీసా మీద ఎందుకు రాయలేదో చెప్పింది. ఎన్నో ఏండ్ల ద్రాక్షసారాయిలు కలిపి, ఏ ఏడు తాగినా ఒకే రుచి వచ్చేటట్టు చేస్తారంట. అదే వాళ్ల పనితనమంట.

గ్లాసు బల్ల మీద పెట్టినాను.

"ఈ ఇంట్లో నా నాలుగేండ్లూ ఒకటే మాదిరిగా ఉండాయి దొరసానమ్మా. ఏది ఏ ఏడో నాకే తెలీదు. నన్ను పంపించండి" అన్నాను.

ఆమె మెల్లగా అడిగింది. "నువ్వు పోతే ఇట్లాంటివి నాకెవరు చెప్తారు?"

జాలేసింది. ఆ పొద్దు మెత్తబడితే ఇంక ఎప్పటికీ కదలలేనని కూడా తెలిసింది. పంపించండి అని ఇంకోసారి అడిగినాను. కడకు కాగితం తెమ్మనింది. ఆమె చెప్తుంటే నా ఉత్తరం నేనే రాసుకున్నాను, కింద వంకరగా సంతకం పెట్టింది. ఇంకో పిల్ల కుదిరేదాకా నెల ఉండి, వేలూరుకు బయలుదేరినాను. బస్సు చిత్తూరు దాటేదాకా, ఎవరో వెనక్కి పిలుస్తారనే భయంతో కిటికీ వైపు చూడనేలేదు.