పేరు మీద కూర్చున్నప్పుడు

ఎనభైల్లో మా పురుగుమందుల కంపెనీకి నంద్యాలలో ఆయన పెద్ద ఏజెంటు. నేను ఆయన వెంట తిరిగే చిన్న ఏజెంటును. ఎవరు విజిటింగ్ కార్డిచ్చినా ఆయన రెండు చేతులా అందుకుని, పేరు పైకి చదివి, చొక్కా జేబులో పెట్టుకునేవాడు. నేను ప్యాంటు వెనక జేబులో దోపుకుంటే, "మనిషి పేరుమీద కూచుంటావేందప్పా!" అన్నాడోసారి. పేరు నిలబెట్టడం ఎలావున్నా, పేరుమీద కూర్చోవడంలో నేను దిట్టను.

తర్వాత పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ఆ నెల ఆర్డర్లు తేకపోతే ఆయన ఉద్యోగం పోతుంది. ఆళ్లగడ్డ కొట్లో, ఎడమచేత్తో ఇవ్వడం మర్యాద కాదని, పడిపోయిన అరచేతిలో తన కార్డు పెట్టుకుని, ఆ చేతిని ఎడమచేత్తో ఎత్తి అందించాడు. షావుకారు కొడుకు "చూద్దాంలే" అంటూ దాన్ని వెనక జేబులో దోపుకుని కూర్చున్నాడు.

తిరుగు బస్సులో ఆయనే నన్ను ఓదార్చాడు: "నా పేరేం గుచ్చుకోదులేప్పా, కూచోనీ."