థర్మాకోల్ పెట్టెలో పురుగులు

ఏడాదిన్నర కూతురు వంటింటి గుమ్మంలో కూర్చుని ఏదో నములుతోంది. నేనేమీ పెట్టలేదు. దాని పక్కనే టైల్స్ మీద ఒక పసుపుపచ్చ పురుగు తీరిగ్గా పాకుతోంది. నోట్లో వేలు పెట్టి వెతికాను. అప్పటికే మింగేసింది.

ఆ పురుగులు మావే. బాచుపల్లిలో మా అబ్బాయి చదివే స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్. పిల్లలందరూ థర్మాకోల్‌తో భూగోళాలు చేసి, పర్యావరణాన్ని కాపాడమని వాటి మీదే రాస్తారు. మా వాడు మాత్రం థర్మాకోల్‌ను తినే పురుగుల్ని చూపిస్తానన్నాడు. నేను బయోటెక్నాలజీ చదివి, హైటెక్ సిటీలో బ్యాంకుల సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తున్నదాన్ని. చదువు పనికొచ్చే రోజు ఇన్నాళ్లకు వచ్చిందని సంబరపడ్డాను. పిట్టలకు మేతగా అమ్మే పురుగుల్ని తెచ్చాం. వాటి పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు థర్మాకోల్‌ను ఎలా అరిగిస్తాయో వాడికి బొమ్మ గీసి మరీ వివరించాను. వివరించాక, ఆన్‌లైన్‌లో చేపలు వచ్చిన తెల్ల పెట్టెను కడిగి, పురుగుల్ని అందులో భద్రంగా పోశాను. మూతకు టేపు మా వాడు అంటించాడు.

అది థర్మాకోల్ పెట్టె. రెండు వారాల్లో అడుగు మూల కన్నం చేసుకుని బయటికొచ్చేశాయి. చుట్టూ తెల్ల గింజలు.

సిద్దిపేట నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు చీపురు పట్టుకుని, "ఏంది బిడ్డా గిది? ఇంట్ల పురుగులుంటే మందు కొడ్తరు. మీరు కొనుక్కొచ్చుకున్నరా?" అన్నారు. మనవడి వైపు తిరిగి, "వీని పనే. మూత సక్కగ పెట్టలే" అన్నారు. వాడు తల దించుకున్నాడు. నేను పిల్లల డాక్టరమ్మ నంబరు వెతుకుతూ ఉండిపోయాను. ఆ నంబరు ఫోన్లో పైనే ఉంది.

"పురుగైతే ఫికర్ లేదమ్మా, అరిగిపోతది. థర్మాకోల్ అయితేనే జర చూస్కోవాలె. దగ్గు, ఆయాసం, వాంతులు, ఏదొచ్చినా వెంటనే తీసుకురండి" అంతా విని ఫోన్లో అందావిడ.

నా కూతురు పురుగునే తిని ఉండాలని దేవుడికి మొక్కుకున్నాను. తెల్లవార్లూ దాని ఊపిరి వింటూ పడుకున్నాను.

పొద్దున డైపర్‌లో నాలుగు తెల్ల గింజలు కనిపించాయి, ఎలా వెళ్లాయో అలాగే. పిల్లలిద్దర్నీ ముందు కూర్చోబెట్టుకున్నాను. "చెల్లి పురుగుల్ని తినలేదు నాన్నా, వాటి అన్నం తింది. వాటికున్న సూక్ష్మజీవులు మనకు లేవు, అందుకే అరగలేదు" అన్నాను.

"ప్రాజెక్టులో రాయనా?"

"రాయి. నువ్వు మూత సరిగ్గానే పెట్టావని, పెట్టె తెచ్చింది అమ్మ అని కూడా రాయి. నానమ్మకు నేను చెప్తాను."