ఇంద్రకరణ్ సార్ సుద్దముక్క

మెదక్‌ల బడిల వయొలిన్ నేర్పే ఇంద్రకరణ్ సార్ క్లాసుకు రాంగనే పిల్లల వయొలిన్లన్నీ ఒక్కొక్కటి ఒళ్లో పెట్టుకుని తనే శ్రుతి చేస్తడు. తీగలు బిగించే బిరడాలు జారిపోతే వాటికి జేబుల ఉన్న సుద్దముక్క రాసి, కళ్లు మూసుకుని మెల్లగ తిప్పుతడు. పదిహేనేండ్ల సంది పిల్లలెవ్వర్నీ బిరడా ముట్టనియ్యలేదు. "తీగ తెంపుతరు" అంటడు.

మొన్న శనివారం హైదరాబాద్ నుంచి వయొలిన్, దానికంటే పెద్దగుండే చెల్లో వాయించే నలుగురు బడికి వచ్చిండ్రు. కచేరీ చేసి, పిల్లలను పక్కన కూసోబెట్టుకుని నేర్పిండ్రు. సార్ వెనక కుర్చీల చేతులు కట్టుకుని కూసున్నడు. పిల్లలు వాళ్ల చుట్టూ మూగినప్పుడల్లా వాచీ చూసుకున్నడు. వాళ్లల్ల ఒకామె ఒక్క స్వరం తప్పు వాయించినప్పుడు మాత్రం ఆయన మొఖం జర తేటబడ్డది.

సోమవారం ఆయన శిష్యురాలు స్నిగ్ధ వయొలిన్ పట్టుకుని ఎదురొచ్చింది. "నేనే శ్రుతి చేసిన సార్. గా హైదరాబాద్ అక్క నేర్పింది. చూడుండ్రి."

సార్ మీటి చూసిండు. నాలుగు తీగలూ సరిగ్గనే పలికినయి. సార్ సుద్దముక్క తీసి, నాలుగు బిరడాలూ వదులు చేసి, కళ్లు మూసుకుని మొదటి నుంచి మళ్ల శ్రుతి చేసి ఆమె చేతికిచ్చిండు.

"ఇప్పుడు కుదిరింది" అన్నడు.