పోతు కోసం పట్టుకెళ్లిన కర్ర

అది దీవి కాదు. దీవి అని పుస్తకంలో అచ్చువేశారు. నేను చెప్పులు తడవకుండా నడిచి వెళ్లాను. యాభై ఏళ్లు దాటినా ఆ మాట మీదే ఉన్నాను. ఆ తరువాత జరిగింది వేరే సంగతి. ఆ వేరే సంగతే నన్ను ముంచింది, నడుము దాకా.

డెబ్బైల మొదట్లో నేను గచ్చిబౌలి గుట్టల్లో రాయి కొట్టేవాణ్ణి. ఇప్పుడక్కడ అద్దాల మేడల్లో మెడకు బిళ్లలు తగిలించుకుని తిరిగే పిల్లలకు, తమ కుర్చీల కింద ఒకప్పుడు నా సుత్తి మోగిందని తెలియదు. బడి గడప తొక్కలేదు. బండల మీద బొగ్గుతో అక్షరాలు దిద్దుకుని, పకోడీల పొట్లం కాగితం దాకా దొరికిందల్లా చదివి, తప్పులు పట్టే పండితుణ్ణయ్యాను. పంచాంగంలో తప్పు పట్టాను. బస్సు బోర్డులో తప్పు పట్టాను. ఒక శుభలేఖలో తప్పు పట్టి పెళ్లి భోజనం పోగొట్టుకున్నాను. ఇంత చేసినా నా పేరు ఒక్కసారైనా అచ్చులో పడలేదు. ఆ కొరత పంట్లో ఇరుక్కున్న పీచులా సలుపుతూ ఉండేది.

అలాంటి రోజుల్లో కోస్తా తీరంలోని పాత కట్టడాల గురించిన పుస్తకం ఒకటి కొన్నాను. అది చంకలో పెట్టుకుని, నా భార్య యాదమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కాను. మొదటిరోజు బౌద్ధుల స్తూపం చూశాం. ఆ రాతిపద్మాలు చెక్కిన చేతికి మనసులోనే మొక్కాను. పనివాడికి పనివాడు తెలుస్తాడు. మరునాడు సముద్రం ఒడ్డున డచ్చివాళ్ల కోట. అంతా ఇటుకే! గోల్కొండ పక్కన పుట్టినవాడికి ఇటుకల కోట చూపించడమంటే, దమ్ బిర్యానీ తిన్నవాడికి ఉప్మా వడ్డించడమే. ఇక మూడోది దీవి, దాని మీద మరో చిన్న కోట.

పొద్దున తొమ్మిదింటికి ఒడ్డుకు చేరాం. టీ కాచే నాగమ్మను అడిగాను.

"దీవి ఎక్కడమ్మా?"

"అదిగోనండి బాబూ, ఆ కోట కనపడతందే, అదే."

"మరి చుట్టూ నీళ్లేవి?"

"ఇప్పుడుండవండి."

ఇప్పుడుండవట! నీళ్లేమైనా ఆఫీసు గుమాస్తాలా, వేళకు వచ్చి కూర్చోవడానికి? ఎదురుగా తడి ఇసుక, నున్నగా, మా మదీనాగూడ రోడ్డుకంటే బాగుంది. నా ఒళ్లు పులకరించింది. దొరికింది తప్పు! అక్కడే బల్ల మీద కూర్చుని పుస్తకం వేసినవారికి కార్డు రాశాను: 'అయ్యా, తమరు దీవి అని అచ్చువేసిన స్థలానికి నేను నడిచి వెళ్లితిని. చెప్పులు తడవలేదు. వచ్చే కూర్పులో ఈ తప్పు దిద్ది, పట్టినవాని పేరు వేయవలెను.' వెళ్లబోయేవాణ్ణి 'వెళ్లితిని' అని రాశానంటారా? ఆ మాత్రం తొందర పండితులకు ఉంటుంది. టీ తాగుతున్న పోస్టుమ్యాన్ కార్డు తీసుకుని, "సాయంత్రం బస్సుకి అందించేత్తానండి" అన్నాడు.

మేం బయలుదేరుతుంటే నాగమ్మ కేకేసింది. అలల హోరులో సగమే వినిపించింది.

"పన్నెండు కల్లా వచ్చేయండి బాబూ, పోటు వచ్చేత్తది!"

నాకు వినిపించింది 'పోతు'. దున్నపోతు.

"ఎంత ఎత్తుంటది?"

"నడుం దాకా ఉంటదండి!"

"పొడుస్తదా?"

"పొడవడమేంటండీ, లాక్కెళ్లిపోద్ది!"

"ఒక్కటేనా?"

"రోజుకి రెండండి!"

"అయితే ఒక కర్ర ఇయ్యమ్మా."

ఆమె నన్ను వింతగా చూసి, పందిరి గుంజకు ఆనించిన కర్ర ఇచ్చింది.

"రెండంటుంది గదయ్యా, జర సోంచాయించు" అంది యాదమ్మ.

"మన గుట్టలల్ల ఎన్ని పోతులను మలిపిన! నువ్వు ఫికర్ జెయ్యకు."

కోటలో యాదమ్మకు మూడు గంటలు ఉపన్యాసం ఇచ్చాను. గోల్కొండలో గుమ్మం దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుంది కదా, ఇక్కడా కొట్టి చూశాను. ఒక కాకి లేచిపోయింది. మధ్యమధ్య కర్ర పట్టుకుని నాలుగు దిక్కులా చూశాను. పోతు జాడ లేదు. ఇక వెళదామని లేచాం.

"ఏమయ్యా, మనం ఎటుకెళ్లి వచ్చినం?"

"గటుకెళ్లే."

"గటు నీళ్లున్నయ్."

"అయితే గిటు."

"గిటు గుడ నీళ్లే."

తిరిగి చూశాను. ఇసుక లేదు. దారి లేదు. నాలుగువైపులా నీళ్లు, పుస్తకంలో ఎలా ఉందో అచ్చం అలా. నాగమ్మ అన్న మాట అప్పుడు నా చెవిలో అక్షరం అక్షరం విడివడి మోగింది. తు కాదు, టు!

యాదమ్మ కర్ర నా చేతికి అందించింది. "ఇగో, నీ పోతు వచ్చింది. కొట్టు."

అంతలో అవతలి ఒడ్డున సైకిలు కనిపించింది. పోస్టుమ్యాన్! అతని సంచిలో నా కార్డు! మునిగినా పరవాలేదు, ఆ కార్డు మాత్రం పోకూడదు. గోడెక్కి గోల్కొండ అదిరేలా చప్పట్లు కొట్టాను. అతను ఆగాడు. నన్ను చూశాడు. సంబరపడుతున్నాననుకున్నాడు కాబోలు, ఆనందంగా చెయ్యి ఊపి, రెండుసార్లు గంట కొట్టి వెళ్లిపోయాడు.

"మంచోడు పాపం" అంది యాదమ్మ.

చివరికి నాగమ్మ పెనిమిటి పడవ తెచ్చాడు. నడుం లోతు నీళ్లలో దిగి ఎక్కాం. ఒడ్డున నాగమ్మ, "కర్రెందుకో అనుకున్నానండి, లోతు చూసుకోడానికేమో అని!" అంది. అవునన్నాను. యాదమ్మ పోతు మాట ఎత్తలేదు. ఆ ఉపకారం ఇప్పటికీ మరవలేదు.

నెల గడిచింది. కార్డు దారిలో పోయి ఉంటుందని ధైర్యం తెచ్చుకుంటున్న పూట, గుట్ట మీదికే జవాబు వచ్చింది. నా పేరుకు ముందు 'శ్రీ' కూడా ఉంది! రాళ్లు కొట్టేవాళ్లంతా చుట్టూ చేరారు. మా మేస్త్రి లాక్కుని గట్టిగా చదివాడు. విన్నాక గోల్కొండ వైపు తిరిగి, సుత్తి మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను: తప్పులు పట్టడం మానను, కానీ ఇంటికి చేరేదాకా కార్డు రాయను.

ఆ జవాబు ఇది:

"అయ్యా, తాము దీవికి నడిచి వెళ్లిన సంగతి తెలిసి సంతోషించాము. నడిచి తిరిగి వచ్చిన సంగతి కూడా రాస్తే, తమ పేరుతో సహా అచ్చువేయగలము."