బొంత నడుమ నల్లముక్క

బొంతకి రంగులు కూర్చడంలో మా అత్తగారిని మించినవాళ్ళు పూండి చుట్టుపక్కల లేరనేవారు. నాకు మాత్రం ఆవిడ చేతుల మీదే కన్నుండేది. అరవైల చివరి సంగతి. టెక్కలిలో గుమాస్తా కూతుర్ని, ఉద్దానంలో జీడితోటల ఇంటికి కోడలినయ్యాను. తొలిచూలు, ఏడో నెల. అప్పటికే మా అమ్మ నా చెవిలో ఊదేసింది.

"నీ పాత కోకముక్క ఎవలి సేతికీ ఇయ్యకు. ఆ ఊళ్ళలో దానిమీద మంత్రాలేసి చిల్లంగి పెట్టేత్తారు."

అత్తగారు అడగనే అడిగింది! పుట్టబోయే బిడ్డకి బొంత కుట్టాలి, పాత చీరలు తియ్యమంది. ఇవ్వనంటే బాగుండదు. రెండిచ్చాను, మూడోది పెట్టె అడుగున దాచేశాను.

ఆవిడ వసారాలో ముక్కలు పరిచి నాకు పాఠం చెప్పింది.

"ముదురు రంగులు అంచులకెట్టాల, మట్టి కనబడదు. లేతవి నడుమకి. పసుపు పక్కన ఆకుపచ్చ ఎయ్యి, నప్పుతాది."

అంత చెప్పిన మనిషి, సరిగ్గా బిడ్డ పడుకునే చోట, అరచేతంత నల్లగుడ్డ పెట్టి కుట్టింది. వెలిసిపోయిన పాత గుడ్డ. నా చీరలది కాదు.

"అత్తా, ఇదేటి? నడుమకి లేతవన్నావు కదా?"

"ఊరుకోయే. కొన్ని సెప్పకూడదు."

ఇంకేం కావాలి? అనుమానం పెనుభూతం అంటారు, నాకు పట్టిందదే. అన్నం పెడితే అన్నంలో వెతికాను, మజ్జిగ పోస్తే మజ్జిగలో వెతికాను. మా ఆయనకి చెబితే నవ్వేశాడు. తల్లీకొడుకులు ఒకటేనని ఆయన్నీ అనుమానించాను.

నాలుగోనాడు మధ్యాహ్నం ఆవిడ జీడిపిక్కలు ఏరడానికి తోటకి వెళ్ళింది. బ్లేడుతో కుట్లు విప్పి ఆ ముక్కని పొయ్యిలో పడేశాను. దాచిన చీరలోంచి గులాబీరంగు ముక్క కత్తిరించి అక్కడ కుట్టాను. పసుపు పక్కన ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా.

సాయంత్రం వచ్చి బొంత మీద చెయ్యి వేసిందో లేదో, ఆవిడ ముఖం పాలిపోయింది.

"నల్లముక్క ఏదే?"

"పొయ్యిలో ఎట్టీసేను."

ఆవిడ ఉన్నచోటే కూలబడింది.

"నీ పెనిమిటికి ముందు ముగ్గురు పుట్టి పోనారే. ఆడు పుట్టినప్పుడు, తొంబయ్యేళ్ళు బతికిన మా అత్త కోకముక్క మీద పడుకోబెట్టేము. ఆడొక్కడే నిలిసినాడు. బయటికి సెప్తే దిష్టి తగుల్తాదని సెప్పనేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. కాళ్ళ మీద పడితే లేవదీసి, "కడుపుతో ఉన్నావు, వొంగకే," అంది.

కొడుకు పుట్టాడు. ఆ బొంత మీదే పడుకోబెట్టాం. వాడికి ఒళ్ళు వెచ్చబడ్డ ప్రతిసారీ, ఆవిడ నాకేసి చూస్తోందేమోనని తలెత్తేదాన్ని. ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు.