గిరిధర్ సార్ వాసనల పరీక్ష

మా ఇంటి ఓనరు గిరిధర్ సార్‌కు ఒకటే పిచ్చి: ఇంటికి వాసన పూయడం. లోకమంతా గోడలకు సున్నం కొట్టించుకుంటుంది. ఆయన గాలికి కొట్టిస్తాడు.

పోయినేడు దసరా దాటి తుంపర పట్టుకున్నప్పుడు మొదలైంది ఈ వైభోగం. ఎండ మొగం చూడక హిందూపురంలో ఇండ్లన్నీ తడిగుడ్డ వాసన కొడతాండే రోజులవి. మామూలు మనుషులైతే కిటికీ తెరుచుకుంటారు, మహా అయితే ఇంత సాంబ్రాణి వేసుకుంటారు. మా సార్ బెంగళూరు నుంచి డబ్బా నిండా చిన్న చిన్న నూనె సీసాలు తెప్పించినాడు. నిమ్మ, లవంగం, గులాబీ, నీలగిరి. వాటికి తోడు, నీళ్ళలో నాలుగు చుక్కలేస్తే బుసబుసా ఆవిరి ఊదే కరెంటు కూజా ఒకటి.

పట్టుపరిశ్రమ శాఖలో రిటైరైన మనిషాయన. ఉద్యోగమంతా ఉడికే పట్టుగూళ్ళ కంపులో గడిచింది కాబట్టి ఇప్పుడు ముక్కుకు ప్రాయశ్చిత్తం చేయిస్తాండాడని అనుకున్నాం. చేయించుకోనీ, మాకేం? కానీ కింద ఆయన, పైన మేము. ఆవిరి కిందికి పోదు కదా!

కొన్నాళ్ళకే మా ఇంట్లో రాగిసంగటి లవంగం కంపు కొట్టింది. పెరుగు గులాబీ తోటయింది. ఆఫీసులో మా మేనేజరు కుర్చీ దూరంగా జరుపుకొని, "ఏం కేశవా, జలుబు ఇంకా తగ్గలేదా?" అని పరామర్శించేవాడు. నాకు జలుబే లేదు. ధర్మవరం నుంచి వచ్చిన మా అమ్మ గడపలోనే నిలబడి గాలి పీల్చి, "ఏమప్పా, ఇంట్లో ఎవరికి ఒళ్ళునొప్పులు?" అని అడిగింది.

అంతటితో ఆగుంటే ఆయనది మామూలు పిచ్చే. ఆయన పరీక్షలు కూడా పెట్టేవాడు. పొద్దునా సాయంత్రమూ గేటు పక్కన కుర్చీ వేసుకొని, సీసాలు ముందర పెట్టుకొని కాచుకునేవాడు.

"ఏమప్పా కేశవా, యాడికి పోతాండావు? ఈడ రా. కండ్లు మూసుకో. ఇదేం వాసన?"

"నీలగిరి, సార్. ఆఫీసుకు టైమైంది, సార్."

"తప్పు! నువ్వు పీల్చేది అట్లనా? ఇంగోసారి."

పాలాయన, కరెంటు మీటరు చూసేటాయన, అడ్రసు తప్పి వచ్చిన పార్శిలాయన, ఎవరైనా సరే. పరీక్ష ఇయ్యకుండా ఆ గేటు దాటినోడు లేడు, పాసైనోడూ లేడు.

ఒక్క దస్తగిరి తప్ప. పెనుకొండ బళ్ళో సార్‌తో ఒకే బెంచీలో కూర్చున్న మనిషి. ఇప్పుడు పెండ్లిండ్లకు బిరియానీ వండే మేస్త్రి, పక్క వీధిలోనే కాపురం. రెండు పూటలా టీకి వచ్చేవాడు, రెండు పూటలా ఫస్టు క్లాసులో పాసయ్యేవాడు. వంట మేస్త్రి కదా, ముక్కు చురుకుగా ఉంటుందిలే అనుకున్నా. ఒకరోజు పక్కనే నిలబడి చూసినా.

"చెప్పరా దస్తగిరీ, ఇదేంది?"

దస్తగిరి సీసా ముక్కు దగ్గర పెట్టుకొని, మీసం దువ్వుకొని, చాలా ధీమాగా "నిమ్మ" అన్నాడు.

సీసాలో ఉన్నది లవంగం. ఆ ఘాటుకు గేటు బయట కుక్క తుమ్మింది.

"కరెక్టు! లవంగమే!" అని సార్ వాని భుజం చరిచినాడు. "బాగా లవంగాన్ని తలుచుకోని ఇంగోసారి గట్టిగా పీల్చురా."

నేను నీలగిరిని నీలగిరి అంటే తప్పు. దోస్తు నిమ్మ అంటే అది లవంగం! ఇంత నిజాయితీగా పేపర్లు దిద్దే మనిషిని నేను యాడా చూడలేదు.

చివరికి నా భార్య శ్రుతి చంటిబిడ్డను చంకనేసుకొని తేల్చి చెప్పింది. "ఇల్లన్నా మారు. లేదంటే నన్ను ఊదుబత్తుల డబ్బాలో పెట్టి అంగడికన్నా పంపు."

చెప్పేద్దామని కిందికి దిగినా. సార్ భార్య పుష్పావతక్క వాకిట్లో చెనిక్కాయలు ఒలుస్తాండాది.

"అక్కా, ఏమనుకోవద్దు. సార్ వాసనలు తట్టుకోలేకపోతాండాం. ఇల్లు ఖాళీ చేస్తాం."

"మీరేనా? లోపలికి తొంగిచూడప్పా."

చూసినా. గిరిధర్ సార్ నుదుటికి తడిగుడ్డ చుట్టుకొని, మంచం మీద మూలుగుతా పడుకున్నాడు.

"ఆయప్పకు వాసనలే పడవు. మా పెండ్లిలో మల్లెపూల దండ వేస్తే తుమ్ముకుంటా తాళి కట్టినాడు. ఈ నూనెలతో దినామూ తలనొప్పే."

"మరి ఎందుకక్కా ఈ గోలంతా?"

అక్క గొంతు తగ్గించింది. "విషజ్వరం వచ్చి పోయినాక దస్తగిరన్నకు వాసన తెలియకుండా పోయిందప్పా. మా ఇంట్లోనే బిరియానీ మాడిపోతాంటే పక్కన కూర్చొని కబుర్లు చెప్తాండాడు. అప్పుడు పసిగట్టినాడు ఈయన. పెండ్లాం దౌలత్‌బీకి కూడా చెప్పుకోలేదు ఆయన. బయటికి తెలిస్తే వంటకు ఎవరు పిలుస్తారు?"

"డాక్టరుకు చూపించుకోవచ్చు కదా?"

"ఈయనే పోయి అడిగొచ్చినాడు. ఇట్లాంటి నూనెలు రెండు పూటలా నెలల తరబడి పీలిస్తే, వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడంట డాక్టరు. సీసాలు తీసుకపోయి ఇస్తే, నాకేం రోగమని విసిరి కొట్టినాడు దస్తగిరన్న. అందుకే దారిన పోయేవాళ్ళందరికీ పరీక్ష. పిచ్చి నాదే అనుకోనీలే, వాడు పీలిస్తే చాలు అంటాడు ఈయన."

పైకి పోయి శ్రుతికి చెప్పినా. శొంఠి కాఫీ కాచి, సార్ తలనొప్పికని కిందికి పంపింది.

చలి ముదిరినాక మా బిడ్డ మొదటి పుట్టినరోజు వచ్చింది. మెట్ల దగ్గర సార్ నన్ను ఆపినాడు. ఆ పొద్దు చేతిలో సీసా లేదు.

"వంటకు దస్తగిరిని పిలుస్తావా, కేశవా? వానికి పిలుపులు తగ్గిపోతాండాయి."

ధర్మవరం బంధువులంతా వస్తారు. ఉప్పు కాస్త తగ్గినా పదేండ్లు చెప్పుకునే రకం. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి శ్రుతే అంది, "దస్తగిరన్నే వండాల, సార్."

మిద్దె మీద పొయ్యి పెట్టినారు. సార్ గుండిగ పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. "భయపడొద్దు," అన్నాడు నా చెవిలో. "చెయ్యి వానిది, ముక్కు నాది."

నూనెలో బిరియానీకని తరిగిన ఎర్రగడ్డలు వేగుతాండాయి. దస్తగిరి బియ్యం కడగడానికి ఆ చివర కొళాయి దగ్గరికి పోయినాడు. సార్ గుండిగ మీదికి వంగి, కండ్లు మూసుకొని, బ్రహ్మాండంగా పీలుస్తా కాపలా కాస్తాండాడు.

"గిరీ! ఎర్రగడ్డలు మాడుతాండాయిరా! మంట తగ్గించు!"

అరిచింది కొళాయి దగ్గరి దస్తగిరి. సార్ కండ్లు తెరిచి గుండిగలోకి చూసినాడు. నల్లగా బొగ్గులు. నూనెలు పీల్చి పీల్చి ఆయన ముక్కు ఎప్పుడో రాజీనామా ఇచ్చింది.

దస్తగిరి బియ్యం గిన్నె పట్టుకొని అట్లే నిలబడిపోయినాడు. తర్వాత మెల్లగా వచ్చి పుదీనా తీసి వాసన చూసినాడు. అల్లం చూసినాడు. మళ్ళీ పుదీనా. చిన్నపిల్లోని మాదిరి నవ్వుతాండాడు.

గిరిధర్ సార్ మాత్రం ఏమీ ఎరగనట్లు, "పొగ చూసి అరిచినావు, అదొక గొప్పా? పోయి వేరే ఎర్రగడ్డలు కొయ్యిపో," అని కసిరినాడు. కసిరేటప్పుడు నోరు చెవులదాకా సాగకుండా ఆపుకోలేకపోయినాడు.

పెద్ద గరిటె కోసం దస్తగిరి కిందికి, సార్ ఇంట్లోకి దిగినాడు. దిగినంత వేగంగానే పైకొచ్చినాడు, తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని.

"ఏందిరా గిరీ, మీ ఇంట్లో ఆ కంపు! మనుషులు ఉండే ఇల్లేనా అది? మా చెల్లెలు పుష్పావతి ఎట్ల భరిస్తాందిరా?"

శ్రుతి నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. గిరిధర్ సార్ కుర్చీలో నిటారుగా కూర్చొని, గొంతు సవరించుకున్నాడు.

"నీకు పడకపోతే రావద్దులేరా," అన్నాడు గంభీరంగా. "నాకు మాత్రం భలే ఇష్టం."