లేని పాపకు విరేచనాలు

పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏమైనా విశేషమా?" మా ఊళ్లో పాలవాడు కూడా అడిగేవాడు. మా ఆయనకి యానాం దగ్గర రొయ్యల చెరువుల మీద ఉద్యోగం దొరికి, కనకాలపేటలో అద్దెకి దిగాక ఆ బెడద తప్పింది. ఇక్కడ నన్నెవరూ ఎరగరు. నాకు పిల్లల్లేరన్న మాట ఈ ఊళ్లో నా నోటితో అనకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

అలాంటిదాన్ని తల్లిగా నటించే పనికి కుదిరాను. పసిపిల్లలకు విరేచనాలైతే మందుల షాపుల వాళ్లు ఏమడుగుతున్నారో, ఏమిస్తున్నారో కొలిచే సర్వే అది. పరీక్షిస్తున్నారని తెలిస్తే అందరూ బుద్ధిమంతులే. అందుకని మామూలు తల్లిలా వెళ్లి, బిడ్డ ఇంట్లో ఉందని చెప్పి, వాళ్లిచ్చింది తీసుకుని రావాలి.

శిక్షణకు వచ్చిన తల్లుల్లో ఒక్కరూ ఒప్పుకోలేదు. "పైన తథాస్తు దేవతలుంటారండీ. నిక్షేపంలాంటి బిడ్డకి జబ్బని నా నోటితో అనమంటారా?" అని ఒకావిడ లేచి వెళ్లిపోయింది. లేని పాపను దేవతలు మాత్రం ఏం చేస్తారు? పని నాకొచ్చింది. నిజం చెప్పాలంటే, పిల్లల్లేకపోవడమే అర్హతైందని ఆ రోజు ఒళ్లు మండింది.

నేను వెళ్లిన షాపుల్లో ఒకటి నడిపేది యాభై ఏళ్లావిడ. "ఎనిమిది నెలల పాపండీ, పొద్దుట్నుంచి నీళ్ల విరేచనాలు" అన్నాను. ఆవిడ ఫోన్లో మాట్లాడుతూనే ఒక సిరప్ తీసి బల్ల మీద పెట్టింది. పాలు తాగుతోందా అని గాని, రక్తం పడుతోందా అని గాని అడగలేదు. ఓఆర్‌ఎస్ ఊసే లేదు. వీధి మలుపు దాటాక నా ఫోన్లో ఉన్న సర్వే ప్రశ్నలన్నిటికీ 'లేదు' అని నొక్కేశాను.

వారం తిరక్కుండా ఆవిడే చేపల బజారులో ఎదురైంది. "పాపకి తగ్గిందా అమ్మా?" అంది. వెళ్లిన షాపుల వాళ్లతో మళ్లీ మాట కలపొద్దని మాకు గట్టిగా చెప్పారు. తల వంచుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఆవిడ కనబడితే సందు మారేదాన్ని.

సర్వే ముగిసిన చాలా నెలలకి ఒక మధ్యాహ్నం తలనొప్పి బిళ్ల కావాల్సొచ్చింది. ఆవిడ షాపు తప్ప ఇంకేదీ తెరిచి లేదు. నాకన్నా ముందు చంకలో బిడ్డతో ఒకమ్మాయి నిలబడింది. ఆవిడ బిడ్డ నాలుక చూసింది, విరేచనంలో రక్తం పడుతోందా అని అడిగింది. "ఈ ప్యాకెట్టంతా లీటరు నీళ్లలో కలిపెయ్యమ్మా. చెంచాతో పడతానే ఉండు. నీ పాలు మాత్రం మాన్పించకు. రక్తం పడిందంటే నా దగ్గరికి రాకు, తిన్నగా ఆస్పత్రికెళ్లిపో" అంది. ఇప్పుడైతే అన్నిటికీ 'అవును' నొక్కేదాన్ని.

ఆ అమ్మాయి వెళ్లాక ఆవిడ నన్ను చూసింది. మొహం వాడిపోయింది. బల్ల మీంచి వంగి నా చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు నేనిచ్చిన మందు వల్లేనా అమ్మా? బజార్లో మీరు తలొంచుకుని ఎళ్లిపోయినప్పుడే నాకర్థమైపోయిందండీ. పేరైనా తెలీదు. ఆదివారం చర్చిలో 'ఆ పసిబిడ్డ' అనే తలుచుకుంటున్నాను."

పాప చచ్చిపోయిందనుకుంటోంది ఆవిడ. నేను కనని బిడ్డను ఇన్ని నెలలుగా ఆవిడ మోసింది. సర్వే అని, నటన అని చెప్పాను. ఆవిడకది ఎక్కలేదు.

"మరి పాప?" అంది.

"నాకు పిల్లల్లేరండీ. అసలు పుట్టనే లేదు."

ఆవిడ స్టూలు మీద కూలబడింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "హమ్మయ్య, బతికించావు తల్లీ" అంది.

నాకు పిల్లల్లేరని విని సంతోషించిన మనిషిని నేను చూడటం అదే మొదటిసారి.